చెల్లిని ఎక్కడ పెట్టాలి అని అడిగిన అన్నయ్యకి

టెక్కలి దగ్గర్నుంచి ఒకాయన రాశారు. భర్త వదిలేసిన చెల్లిని పని ఇప్పిస్తామని ఎవరో హైదరాబాద్ తీసుకెళ్ళారట, అక్కడ వ్యభిచార వృత్తిలోకి దింపేశారట, ఇప్పుడు ఎనిమిదేళ్ళ పాపతో ఇంటికొచ్చేసింది. ఈయన కూతురికి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ఊళ్ళో తెలిసేలోపు చెల్లిని ఏదైనా హోమ్‌లో, పాపని హాస్టల్లో వేసేయాలి, అడ్రస్ చెప్పండి అని.

అడ్రస్సే కదా, 181కి ఫోన్ చేస్తే జిల్లాలో వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు, కొన్నాళ్ళు ఉండనిస్తారు, డాక్టరు, లాయరు, పోలీసు సాయం వాళ్ళే చూస్తారు. ఎక్కువ కాలం ఉండాలంటే శక్తి సదన్ స్కీము ఉంది. కానీ అవి ఆవిడ వెళ్తానంటేనే అండి, మీరు తీసుకెళ్ళి అప్పజెప్పి రావడానికి కాదు. ఇష్టం లేకుండా హోముల్లో ఉంచేసిన ఆడవాళ్ళ కేసులు చూసి వదిలిపెట్టాలని, తల్లి ఈ వృత్తిలో ఉందన్న ఒక్క కారణంతో బిడ్డని వేరు చేయకూడదని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆవిడ పంపిన డబ్బుతోనే ఇంటికి శ్లాబు వేశాం అని మీరే రాశారు, ఏం పని చేస్తున్నావమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదనీ మీరే రాశారు. డబ్బులొచ్చినన్నాళ్ళు చెల్లి, మనిషి వచ్చేసరికి పరువు సమస్య అయిపోయిందా? వ్యభిచార వ్యాపారాన్ని అడ్డుకునే 1956 చట్టంలో ఈ సంపాదన మీద బతికేవాళ్ళకి కూడా శిక్ష ఉంది తెలుసా, తెలిసి బతికితేనే లెండి, మీరు అడగలేదు కాబట్టి తెలీదంటారు. నాకైతే ఆ అడక్కపోవడమే ఈ ఉత్తరం మొత్తంలో సిగ్గుపడాల్సిన విషయం అనిపించింది. కూతురి సంబంధం గురించి నేనేం చెప్పను, మేనత్తని గెంటేసిన ఇల్లని తెలిస్తే మాత్రం మంచి పేరొస్తుందా?

ఆ తీసుకెళ్ళినవాళ్ళు ఇంకా అప్పుందని ఫోన్లు చేస్తున్నారేమో ఆవిడనే అడగండి, చేస్తుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీగా లాయర్ని ఇస్తారు, 15100కి చేసినా సరే. రక్తపరీక్ష సంగతి మీరు ఎత్తకండి, ఆవిడకి కావాలంటే ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రంలో ఫ్రీగా చేస్తారు, రిజల్ట్ ఆవిడకే చెప్తారు, అన్నగారికి కాదు.

ఆ శ్లాబు కింద ఒక గది ఆవిడకి ఇచ్చేయండి. పాపని ఊళ్ళో గవర్నమెంట్ స్కూల్లో వేయండి, టీసీ లేదని, బర్త్ సర్టిఫికెట్ లేదని చేర్చుకోం అనకూడదు వాళ్ళు. చేర్పించడానికి తల్లిని ఒక్కదాన్నే పంపకండి, మేనమామ మీరున్నారు కదా, మీరూ వెళ్ళండి.