పొగాకు లేకపోయినా బీపీ పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 27 ఏళ్లు. సిగరెట్ మానేసి ఏడాదిగా వేప్ (ఈ-సిగరెట్) పీలుస్తున్నాను. మొన్న ఆఫీసు హెల్త్ క్యాంపులో బీపీ 146/92, నాడి 104 వచ్చాయి. వేప్‌లో పొగాకు లేదు కదా, మరి ఎందుకిలా?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: పొగాకు లేదు సరే, నికోటిన్ ఉందిగా! అది రక్తంలో చేరిన కొద్ది నిమిషాల్లోనే అడ్రినలిన్ ఎక్కువవుతుంది. గుండె వేగం పెరిగి, రక్తనాళాలు బిగుసుకుని, బీపీ ఎగబాకుతుంది. సిగరెట్టయితే ఒకటి కాల్చి పారేస్తారు. వేప్‌కి ఆ లెక్క లేదు. నా దగ్గరికొచ్చిన ఓ కుర్రాడు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు! ఇక గుండెకి విరామం ఎక్కడిది?

క్యాంపుకి ముందు వేప్ లాగారా? కాఫీ తాగారా? అయితే ఆ ఒక్క అంకె చూసి కంగారు పడకండి. అరగంట ముందు నుంచి రెండూ మాని, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని చూసుకోండి. వారం పాటు పొద్దునా సాయంత్రం రాసిపెట్టండి. సగటు 135/85 దాటితే డాక్టరుకి చూపించండి. ఛాతీనొప్పి వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నట్టు, ఈ వేప్‌ల అమ్మకాన్ని మన దేశం 2019లోనే నిషేధించింది. దొంగచాటుగా కొన్నదాంట్లో నికోటిన్ ఎంతుందో లేబుల్ చూసి నమ్మలేం. వేప్ మానేయండి, అలాగని మళ్లీ సిగరెట్ ముట్టుకోకండి. మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు విముక్తి హెల్ప్‌లైన్ 1800112356కి ఫోన్ చేయండి, ఉచితమే.