ఇంట్లో కట్టిన ఫజ్ పెడల్‌లో రేడియో మాటలు వినిపిస్తుంటే ఏం చేయాలి?

బీసీ108 ట్రాన్సిస్టర్లు రెండు పెట్టి, గిటార్ శబ్దాన్ని బొంగురుగా మార్చే ఫజ్ ఫేస్ తరహా పెడల్ కట్టానన్నారు. వాయించడం ఆపగానే వెనకాల ఏఎం రేడియో మాటలు, వాటితోపాటు బుసలాంటి రొద. అవుట్‌పుట్ దగ్గర ఒక కెపాసిటర్ గ్రౌండ్‌కి వేసి చూస్తే టోన్ మొద్దుబారింది గానీ రేడియో పోలేదని రాశారు.

అక్కడ పెడితే పోదండీ. అవుట్‌పుట్ దాకా వచ్చేసరికి అది రేడియో తరంగం కాదు, మీ గిటార్ శబ్దం లాగే మామూలు ఆడియో. ఆ మార్పు మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య (దాని మూడు కాళ్లలో రెండివి, మూడోది కలెక్టర్) జరిగిపోతుంది. ఆ జంక్షన్ ఒక డయోడే కాబట్టి, పాత రేడియోలో డిటెక్టర్ డయోడ్ చేసే పని ఇక్కడా చేస్తుంది. గిటార్ కేబుల్ యాంటెనా అవుతుంది. ఆ తర్వాత వచ్చిన సన్నటి మాటల్ని ఫజ్ తన పద్ధతిలో వందల రెట్లు పెంచుతుంది. జర్మేనియం ట్రాన్సిస్టర్ ఏసీ128 అయితే మీడియం వేవ్ (ఏఎం రేడియో) దగ్గరికి వచ్చేసరికే నీరసపడుతుంది, సిలికాన్‌తో చేసిన బీసీ108 వంద మెగాహెర్ట్జ్ దాకా చురుగ్గానే ఉంటుంది. సిలికాన్ ఫజ్‌లకి ఈ బెడద ఎక్కువ కావడానికి కారణం అదే. మొత్తానికి తరంగాన్ని బేస్ దగ్గరే, మాటగా మారకముందే ఆపాలి.

సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు అది ఎటు నుంచి వస్తోందో తేల్చుకోండి. ఒక ప్లగ్‌లో టిప్‌నీ (కొసనీ) స్లీవ్‌నీ (గ్రౌండ్ భాగాన్నీ) తీగతో కలిపేసి, దాన్ని పెడల్ ఇన్‌పుట్‌లో పెట్టండి. రేడియో ఆగిపోతే అది కేబుల్ ద్వారా వస్తున్నట్టు. ఆగకపోతే లోపలి వైర్లు గానీ, పెట్టె గానీ, పవర్ గానీ కారణం. తర్వాత అడాప్టర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. అప్పుడు తగ్గితే పవర్ లైనే దోషి. ఈ రెండు పరీక్షలకీ అయిదు నిమిషాలు చాలు. ఇవి చేయకుండా కెపాసిటర్లు మార్చుకుంటూ పోతే సాయంత్రమంతా వృథా.

కేబుల్ ద్వారా వస్తుంటే, ఇది చేయండి. ఇన్‌పుట్ జాక్ నుంచి వచ్చే వైరుకీ 2.2 మైక్రోఫారడ్ ఇన్‌పుట్ కెపాసిటర్‌కీ మధ్య 4.7 కె రెసిస్టర్ ఒకటి వరసలో పెట్టండి. మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 220 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేయండి, సీ0జీ (వేడికి విలువ మారని) రకం అయితే మంచిది. ఈ జంట సుమారు 154 కిలోహెర్ట్జ్ పైనున్న వాటిని కోయడం మొదలుపెడుతుంది. చెవికి వినిపించే హద్దు 20 కిలోహెర్ట్జ్ కాబట్టి టోన్‌కి ఏమీ కాదు. 1000 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం తరంగం ఆరో వంతుకి పడిపోతుంది. ఆరో వంతేనా అనుకోకండి. చిన్న సిగ్నళ్ల మీద డిటెక్టర్ వర్గ నియమం ప్రకారం నడుస్తుంది, అంటే తరంగం ఆరో వంతయితే వినిపించే మాట ముప్పై ఆరో వంతవుతుంది. చాలా పెడల్స్‌లో అక్కడితోనే రేడియో నోరు మూతపడుతుంది. రెసిస్టర్ ఇన్‌పుట్ కెపాసిటర్‌కి ముందు ఉంటుంది కాబట్టి ట్రాన్సిస్టర్ బయాస్ (పనిచేయడానికి దానికిచ్చే స్థిర వోల్టేజీ) కదలదు. ఫజ్ కాస్త మెత్తబడినట్టు అనిపిస్తే 2.2 కె కి దిగండి. అంతకన్నా తగ్గిస్తే ఫిల్టర్ బలం పోతుంది.

ఆ 220 పికోఫారడ్‌ని ఎక్కడ పెడుతున్నారన్నది దాని విలువ ఎంతన్నదంత ముఖ్యం. బోర్డు తిరగేసి, ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ ప్యాడ్‌ల మీద కెపాసిటర్‌ని అడ్డంగా పడుకోబెట్టి టంకం వేయండి. కాళ్లు 3 మిల్లీమీటర్లకి మించకూడదు. ఓ వేలెడు వైరుతో తెచ్చి కలిపితే ఆ వైరే రేడియో ఫ్రీక్వెన్సీకి అడ్డంకి అవుతుంది, కొంత తరంగాన్ని తనే పట్టుకుంటుంది కూడా.

ఇంకా సన్నగా వినిపిస్తుంటే కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ వేయొచ్చు. బిగ్ మఫ్ అనే మరో ఫజ్ పెడల్ స్టేజీల్లో (ఒక్కో ట్రాన్సిస్టర్ అంచెలో) 470 పికోఫారడ్ ఉండేది ఈ స్థానంలోనే. కానీ ఆ విలువ చూసి ఇక్కడ అదే పెట్టేయకండి. ఈ స్థానంలో కెపాసిటర్ విలువని స్టేజ్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) పెంచేస్తుంది. గెయిన్ 80 ఉంటే 47 పికోఫారడ్ బేస్ దగ్గర దాదాపు 3800 పికోఫారడ్‌లా పనిచేస్తుంది. బిగ్ మఫ్‌లో ఒక్కో స్టేజ్ గెయిన్‌కి ఎమిటర్ రెసిస్టర్, ఫీడ్‌బ్యాక్ కళ్లెం వేస్తాయి, ఫజ్ ఫేస్ మొదటి స్టేజ్‌కి ఎమిటర్ దగ్గర ఏ కళ్లెమూ లేదు. 47 తో మొదలుపెట్టి చెవితో విని పెంచండి. 100 పికోఫారడ్ దాటితే తీగ శబ్దంలోని మెరుపు పోవడం తెలుస్తుంది. కొందరికి ఆ నునుపే నచ్చుతుంది, అది వేరే సంగతి.

మొబైల్ ఫోన్ దగ్గర పెట్టినప్పుడు వచ్చే టకటకకి మాత్రం ఫెర్రైట్ బీడ్ (వైరు దూర్చే చిన్న అయస్కాంత పదార్థపు పూస) కావాలి. ఇన్‌పుట్ వైరుని జాక్ దగ్గరే బీడ్‌లోంచి దూర్చండి. మీడియం వేవ్ మీద దాని ప్రభావం దాదాపు సున్నా.

ప్లగ్ పరీక్షలో రేడియో ఆగకపోతే పెట్టె చూడండి. అల్యూమినియం పెట్టె ఉన్నంత మాత్రాన సరిపోదు, అది గ్రౌండ్‌కి తగలాలి. జాక్ వాషర్ కింద పెయింట్ ఉంటే తగలదు. లోపలి వైపు గీకి, మీటర్‌తో జాక్ స్లీవ్‌కీ పెట్టెకీ, తర్వాత స్లీవ్‌కీ మూతకీ మధ్య కొలవండి. రెండు చోట్లా ఒక ఓమ్ లోపు రావాలి. చాలామంది మూతని మర్చిపోతారు. ప్లాస్టిక్ జాకులైతే పెట్టెకి విడిగా ఒక గ్రౌండ్ వైరు బిగించాలి. బీసీ108 లోహపు టోపీ లోపల కలెక్టర్‌కి కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి, మూతకి తగిలితే పెడల్ మూగబోతుంది.

ఇన్‌పుట్ వైరు అవుట్‌పుట్ వైరు పక్కన పోకూడదు. స్విచ్ నుంచి బోర్డుకి వెళ్లే ఇన్‌పుట్‌కి షీల్డ్ వైరు వాడి, షీల్డ్‌ని ఒక కొసనే గ్రౌండ్ చేయండి. స్విచ్ బైపాస్‌లో (ఫజ్‌ని తప్పించి గిటార్ నేరుగా పోయేలా) ఉన్నప్పుడు సర్క్యూట్ ఇన్‌పుట్ గ్రౌండ్ అయ్యేలా వైరింగ్ చేస్తే, ఆపేసిన ఫజ్ లోపల కూసే కూత బయటికి రాదు.

అడాప్టర్ రొదకి, 9 వోల్టుల లైన్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్, పక్కనే 100 నానోఫారడ్ సిరామిక్. ఫజ్ ఫేస్ లాగేది ఒక మిల్లీఆంప్‌కి అటూ ఇటుగా, కాబట్టి పోయేది 0.1 వోల్టే. పెద్ద కెపాసిటర్ గుయ్‌మనే రొదని, చిన్నది స్విచింగ్ అడాప్టర్ల కీచుని పట్టుకుంటాయి.

ఇక బుస. రేడియో పోయాక అది ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, కంగారుపడకండి. కొంత బుస ఇంత గెయిన్ ఉన్న చోట తప్పదు. తగ్గించగలిగింది రెండు చోట్ల ఉంది. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీది 33 కె కార్బన్ రకమైతే మెటల్ ఫిల్మ్‌కి మార్చండి. ఆ ట్రాన్సిస్టర్ స్థానంలో తక్కువ రొద రకం బీసీ109 గానీ బీసీ549 గానీ పెట్టండి, అదీ బీ గ్రూపుది (గెయిన్‌ని బట్టి వీటిని గ్రూపులు చేస్తారు). సీ గ్రూపు గెయిన్ 420 నుంచి 800 దాకా పోతుంది, మీకు అంత అక్కర్లేదు. 2ఎన్5088 పెడితే కాళ్ల వరస తిరగబడి ఉంటుంది, చూసుకుని పెట్టండి.

బుసతో పాటు చిటపటలు కూడా ఉండి, గిటార్ వాల్యూమ్ తిప్పుతుంటే గరగరమంటే అది రేడియో కాదు, ట్రాన్సిస్టర్ తప్పూ కాదు. 2.2 మైక్రోఫారడ్ ఇన్‌పుట్ కెపాసిటర్ (ప్లస్, మైనస్ కాళ్లుండే ఎలక్ట్రోలైటిక్ రకం) లీకవుతోంది. బీసీ108 లాంటి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ల సర్క్యూట్‌లో దాని ప్లస్ కాలు బేస్ వైపు ఉండాలి. తిరగేసి పెట్టి ఉంటే అది ఇప్పటికే పాడై ఉండొచ్చు, తిప్పి పెట్టే బదులు ఒక మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వేసేయండి.