కాలి ఎక్స్‌రేకి వెళ్లే ముందు

అమ్మాయీ,

కాలు మడతపడి చీలమండ వాచిందని, డాక్టరు ఎక్స్‌రే రాశారని తెలిసింది. అత్తగారి మోకాళ్లకూ అదే రోజు తీయించేద్దామనుకుంటున్నావట. మంచిదే. కాకపోతే ఆ రెండూ తీసే తీరు వేరు. ఎక్స్‌రేలో పడేది మనం చూపించిన చోటు మాత్రమే, అదీ అప్పుడు కాలు ఉన్న భంగిమలోనే. చోటూ భంగిమా సరిగ్గా లేకపోతే ఎంత మంచి మెషీన్ ఉన్నా లాభం లేదు.

ముందుగా ఒక జాగ్రత్త. పాదం చల్లబడినా, పాలిపోయినా, వేళ్లకు స్పర్శ తెలియకపోయినా, ఎముక చర్మం చీల్చుకుని కనిపించినా, పిక్క రాయిలా బిగుసుకుపోయి ఎవరైనా వేళ్లు కదిపితే భరించలేని నొప్పి వస్తున్నా ఎక్స్‌రే వరసలో కూర్చోవద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అవేవీ లేకపోతే చీటీ చదువు. ‘కాలు’ అని మాత్రమే రాసి ఉంటే చాలదు. తుంటి నుంచి వేళ్ల దాకా అంతా కాలే. మామూలుగా వాడే పెద్ద ఎక్స్‌రే ప్లేటు 35 సెంటీమీటర్ల వెడల్పు, 43 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పొడగరి పిక్క ఎముకలు మోకాలు, చీలమండతో సహా అందులో పట్టాలంటే కాలు ఐమూలగా పెట్టాలి, లేదా రెండుసార్లు తీయాలి. అందుకే కుడా ఎడమా, ఏ భాగం, ఎన్ని కోణాలు, దెబ్బ ఎలా తగిలింది అన్నవి చీటీలో ఉండాలి. లేకపోతే రాయించుకున్నాకే లోపలికి వెళ్లు.

నొప్పి ఎక్కడుందో అరచేత్తో కాదు, ఒక్క వేలితో చూపించు. కాలు మడతపడినప్పుడు విరిగేది ఎప్పుడూ చీలమండే కానక్కర్లేదు. పాదం బయటి అంచున, చిటికెన వేలికీ మడమకూ మధ్య తడిమితే ఒక బుడిపె తగులుతుంది. అక్కడ విరగడం చాలా మామూలు. అలాగే పిక్కకు బయటివైపున్న సన్న ఎముక పైన, మోకాలి దగ్గర విరగొచ్చు. చీలమండకే తీస్తే ఆ విరిగిన చోటు ఫిల్మ్‌లోకే రాదు. ఆ రెండు చోట్లా డాక్టరు చేత నొక్కించుకుని చూపించుకో.

అసలు ఎక్స్‌రే అవసరమా అన్న అనుమానం ఉంటే దానికి ఒక లెక్క ఉంది. కెనడా డాక్టర్లు 1992లో ప్రకటించిన ఒటావా నియమాలు. చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముకల వెనక అంచును, కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర, నొక్కితే నొప్పి ఉందా? దెబ్బ తగిలిన వెంటనేనూ, డాక్టరు చూసేటప్పుడూ కుంటుకుంటూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోయావా? ఈ రెంటిలో ఏది ‘అవును’ అయినా తీయాల్సిందే. పాదానికైతే ఇందాక చెప్పిన బుడిపెనూ, లోపలివైపు వంపు పైనున్న ఎముకనూ నొక్కి చూస్తారు. చిన్నపిల్లలకూ, కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్ రోగులకూ ఈ లెక్కను నమ్ముకోకూడదు.

చీలమండకు మామూలుగా మూడు కోణాల్లో తీస్తారు: ఎదురుగా, పక్కనుంచి, మూడోది కాలిని 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పి. ఈ మూడోదే కష్టం, అయినా వదలకూడనిది. నిటారుగా తీస్తే బయటి ఎముక నీడ కీలు మీద పడుతుంది. లోపలికి తిప్పితేనే కీలు చుట్టూ ఉన్న సందు తేటగా కనిపిస్తుంది, అది ఒక పక్క వెడల్పయితే ఎముకల్ని కలిపి కట్టి ఉంచే నార, అంటే లిగమెంటు, తెగిందేమోనని అనుమానిస్తారు. పాదాన్ని మాత్రం మెలితిప్పడం కాదు, మోకాలి నుంచి కాలంతా కలిసి తిరగాలి. నొప్పి తట్టుకోలేకపోతే చెప్పు. కాలిని కదపకుండా మెషీన్‌నే తిప్పి తీసే వీలుంటుంది. ఓర్చుకుని వణికితే ఎముక అంచులు చెదిరి, మళ్లీ తీయాల్సి వస్తుంది.

పైకి మడుచుకునే వదులు బట్టలు వేసుకో. జిప్పులు, లోహపు గుండీలు, పట్టీలు, మెట్టెలు తీసేయాలి. గాయం మీద అయోడిన్ మందు పూసి ఉంటే చెప్పు, అదీ నీడలా పడొచ్చు. కట్టు నీ అంతట నువ్వు విప్పొద్దు. ఎక్స్‌రేకి పరగడుపు అక్కర్లేదు. కానీ కాలు వంకరగా ఉంటే మత్తిచ్చి సరిచేయాల్సి రావచ్చు, డాక్టరును అడిగాకే ఏదైనా తిను.

ఇక అత్తగారి సంగతి. అరుగుదల చూడాలంటే నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే మోకాలి మీద బరువు పడదు, అరిగిన కీలులోనూ సందు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చీటీలో ‘నిలబడి’ అని ఉందో లేదో చూడు. చెప్పులు తీసేసి, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు మోపి నిలబడాలి. నొప్పి ఉన్నవాళ్లు తెలియకుండానే మంచి కాలి మీదికి ఒరుగుతారు, ఆసరాగా ఉన్న కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడతారు. పక్కనుండి గమనించేలా టెక్నీషియన్‌కు ముందే చెప్పు. మెట్లెక్కేటప్పుడు మోకాలి చిప్ప వెనక నొప్పి అంటే, మోకాలు వంచి చిప్పకు విడిగా తీసే కోణం ఒకటుంది, అడుగు. కాళ్లు విల్లులా బయటికి వంగి ఉంటే తుంటి నుంచి చీలమండ దాకా పొడుగు ఎక్స్‌రే కావాలి.

రేడియేషన్ గురించి భయపడకు. మోకాలికో చీలమండకో ఒక ఎక్స్‌రేకి పడేది సుమారు 0.001 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ను కొలిచే లెక్క). ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ పడతాయి, అంటే ఇది కొన్ని గంటల వాటా. తుంటికి తీస్తే మాత్రం చాలా ఎక్కువ. నెల తప్పి ఉంటే, ఆ అనుమానం ఉన్నా, లోపలికి వెళ్లకముందే చెప్పు.

బయటికి వచ్చేముందు ఫిల్మ్ మీద పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు సరిచూసుకో. సీడీలోనో లింకుగానో డిజిటల్ కాపీ అడిగి తీసుకో. ఫిల్మ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే సన్నటి పగుళ్లు తెలియవు. పాత ఫిల్ములు దాచు, పక్కపక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది.

ఫిల్మ్ బాగుందన్నా అంతటితో వదిలేయొద్దు. లిగమెంట్లు, మోకాలి లోపలి గుజ్జు ఇందులో కనిపించవు. పరుగు, నడకలతో ఎముకలో వచ్చే సన్నటి చిట్లు మొదటి రెండు మూడు వారాలు బయటపడకపోవచ్చు, చీము పట్టిన ఎముక కూడా పది పన్నెండు రోజుల దాకా మామూలుగానే కనిపించొచ్చు. కర్ర పేడు, ముల్లు గుచ్చుకుంటే అల్ట్రాసౌండ్ స్కానింగే దారి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెడుతుంటే రక్తం గడ్డకట్టిందేమో డాప్లర్‌తో, అంటే నరాల్లో రక్తం పారే తీరు చూపే స్కానింగ్‌తో, చూడాలి. అత్తగారి మోకాలి ఫిల్మ్‌లో నొప్పికి తగ్గ కారణం కనిపించకపోతే తుంటిని పరీక్షించమని అడుగు, తుంటి నొప్పి మోకాలి దగ్గర తెలియడం పెద్దవాళ్లలో తరచూ జరిగేదే. నీకు పది రోజులైనా అడుగు వేయడం కష్టంగానే ఉంటే మళ్లీ చూపించుకుని, ఇంకోసారి ఎక్స్‌రేనా, ఎంఆర్‌ఐనా అని అడుగు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ