కార్తీకంలో కత్తిరించిన రోజా

సంక్రాంతికి తిరుపతి వచ్చాను. మా అమ్మ మిద్దె మీద పెట్టిన పూలకుండీల్లో రోజాలు విరగబూసి ఉన్నాయి. వాటి పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటే అమెరికాలోని ఎడిసన్ ఊరి నుంచి మా చెల్లెలి తోడికోడలి కూతురు వీడియో కాల్ చేసింది. ఆగస్టులో న్యూజెర్సీ వెళ్లిన పిల్ల. ఫోన్‌ని పెరటివైపు తిప్పి, "పెద్దమ్మా, రోజాలన్నీ ఎట్లా మాడిపోయాయో చూడు. ఇంటి ఓనరు పెంచుకున్న మొక్కలు. నేనే చంపేశానేమోనని టెన్షన్‌గా ఉంది. పీకేసి కొత్తవి పెట్టేదా?" అంది.

"ఈ మధ్య కత్తిరించావా?"

"దీపావళి అయినాక. ఎరువు కూడా వేశా. అమ్మ చెప్పింది."

వాళ్లమ్మ చెప్పినదాంట్లో తప్పు లేదు, అది తిరుపతి లెక్క. మనకి గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. అవి వెనకబట్టాక కార్తీకంలో కొమ్మలు కత్తిరించి, మట్టి గుల్ల చేసి, మాగిన పేడ ఎరువో చెనక్కాయ చెక్కో వేస్తే నెలన్నర, రెండు నెలలకి పూలొస్తాయి. ఇక్కడి చలికి ఒక దుప్పటి చాలు. న్యూజెర్సీలో అదే నవంబరులో చెట్టు పడుకోబోతుంటుంది. అప్పుడు కోసి ఎరువు పెట్టడమంటే నిద్రపోయేవాళ్లని లేపి అన్నం పెట్టినట్టే. చెట్టు లేత చిగురు వేస్తుంది. గడ్డకట్టే చలి రాత్రి ఒక్కటి వస్తే చాలు, చిగురులోని నీళ్లు మంచై, తెల్లారేసరికి అది ఉడికిన ఆకుకూరలా నల్లగా వాలిపోతుంది.

అయినా అమ్మాయ్, ఆ చెట్లని పీకొద్దు, అన్నాను. కొమ్మ కింది భాగంలో బెరడుని గోటితో కొంచెం గీకి చూడు. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. పైనంతా గోధుమరంగులో ఉన్నా, మొదట్లో పచ్చదనం ఉంటే చాలు. పచ్చదనం కనబడకపోయినా మే దాకా ఆగు. ఈ మాట అనుభవంతో చెప్తున్నా. న్యూజెర్సీలో నేనున్న మొదటి ఏడాది మార్చిలో నాలుగు రోజాలు పీకి చెత్తలో పెట్టాను. పక్కింటి పెద్దావిడ వచ్చి ఒకదాన్ని గోటితో గీకి చూపించింది, తోటకూర కాడంత పచ్చగా ఉంది. అప్పటికే వేర్లు తెంచేసుంటిని.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. ఒకటో రెండో సంచుల కంపోస్టు తెచ్చి మొదలు చుట్టూ అడుగెత్తున పొయ్యి. కత్తెర ముట్టుకోకు, ఎరువు వెయ్యకు. మంచుకి కాలు జారకుండా దారిమీద ఉప్పు చల్లుతారే, అది మొక్కల వైపు పడనీకు. ఉప్పు మట్టిలో దిగితే వేర్లు నీళ్లు తాగలేవు, వసంతంలో ఆకుల అంచులు మాడతాయి. ఆ వైపు ఇసుక చల్లుకో.

మళ్లీ కత్తెర ఎప్పుడంటే, వీధుల్లో ఫోర్సిథియా పొదలు పసుపు పూలతో నిండినప్పుడు. మార్చి చివరో ఏప్రిలో అవుతుంది. మనకి కార్తీకం ఎట్లాగో అక్కడ అది గుర్తు. కొమ్మ కోసి లోపలి బెండు చూడు. గోధుమరంగులో ఉంటే ఇంకా కిందికి, తెల్లగా కనబడేదాకా కొయ్యి. బయటివైపు చూసే కన్నుకి, అంటే చిగురు మొలిచే చోటికి, కాస్త పైన, ఏటవాలుగా కొయ్యాలి. పోసిన కంపోస్టు మెల్లగా తీసెయ్యి. ఎరువు చిగుర్లు వచ్చాకే. ఆగస్టు మధ్యకల్లా ఎరువు ఆపెయ్యి. సెప్టెంబరు నుంచి వాడిన పూలు కూడా కొయ్యకు, కాయ పట్టనిస్తే చెట్టు నెమ్మదిస్తుంది.

ఎండాకాలంలో వచ్చే గోధుమరంగు వేరే. వరసగా వానలు పడితే మొగ్గ విచ్చుకోకుండానే మెత్తగా కుళ్లుతుంది. అది బూజు, తుంచి పారెయ్యాలి. మొగ్గ విచ్చుకున్నా రేకుల అంచులు మాడినట్టుంటే తామర పురుగు. తెల్లకాగితం మీద పువ్వుని దులుపు, సన్నగా కదిలేవి కనబడతాయి. లేతరంగు పూలకే ఆ బాధ ఎక్కువ. ఆకుల మీద నల్లమచ్చలొచ్చి పసుపురంగుకి తిరిగి రాలుతుంటే, చెంబుతో ఆకులు తడుస్తూ నీళ్లు పొయ్యడం మానుకో. పొద్దున్నే, మొదట్లో పొయ్యి. జూన్ చివర్లో రాగిరంగు రెక్కల జపనీస్ బీటిల్స్ వస్తాయి. పొద్దున మందకొడిగా ఉన్నప్పుడే సబ్బునీళ్లలోకి రాల్చు. షాపులో అమ్మే ట్రాప్ తగిలించొద్దు, వీధిలో పురుగులన్నిటినీ మనింటికి పిలిచినట్టే. జింకలకైతే నా దగ్గర మందు లేదు. ముళ్లున్నా మేసేస్తాయి.

ఒక్క అనుమానం మాత్రం పెట్టుకో. అవి అంటు మొక్కలైతే, చలికి పైభాగం పూర్తిగా చచ్చి, అంటు కింద నుంచి కొత్త కొమ్మలు రావచ్చు. ఓనరు గులాబీరంగువి పెట్టానంటే, జూన్‌లో ముదురెరుపు పూలు ఒక్కసారి పూసి ఊరుకుంటే, అది అడుగు మొక్క. డాక్టర్ హ్యూయీ అనే రకాన్ని అక్కడ అంటుకి బాగా వాడతారు. అప్పుడు మాత్రం పీకెయ్యి, ఓనరుకి నిజం చెప్పు.

ఇదంతా విని ఆ పిల్ల, "అయితే అమ్మకేం చెప్పేది?" అంది. ఫోన్ మా అమ్మకిచ్చాను. "ఏప్రిల్‌లో కత్తిరించమన్నారని చెప్పు," అంటూనే ఆమె కుండీలోంచి ఒక పువ్వు కోసి జడలో పెట్టుకుంది.