బాక్యులాలో 30 రోజుల రిటెన్షన్ పెట్టినా డిస్క్ ఎందుకు నిండిపోయింది?

బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గురించి మీరు చెప్పింది ఇదీ: 4 టీబీ డిస్క్, ఆదివారం 400 జీబీ ఫుల్ బ్యాకప్ (మొత్తం డేటా కాపీ), మిగతా రోజుల్లో దాదాపు 15 జీబీ ఇంక్రిమెంటల్ (ముందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే), రిటెన్షన్, అంటే బ్యాకప్‌ని ఉంచాల్సిన గడువు, 30 రోజులు. అయినా ఒకే వాల్యూమ్ ఫైల్ (బాక్యులా బ్యాకప్‌లను రాసే ఫైల్) 3.4 టీబీకి పెరిగింది, నిన్న రాత్రి జాబ్, అంటే ఆ రాత్రి బ్యాకప్ పని, రాయడానికి వాల్యూమ్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోయింది. సరిగ్గా ఇదే నాకూ జరిగిందండి.

మనమంతా రిటెన్షన్ అంటే "30 రోజులు దాటినవి తీసేస్తుంది" అనుకుంటాం. బాక్యులా ఏదీ తీసేయదు. 2000లో ఈ ప్రాజెక్టు మొదలైనప్పుడు బ్యాకప్ అంటే టేపులే. డిస్క్ మీది ఫైల్‌ని కూడా అది టేపులాగే చూస్తుంది. టేపు మధ్యలోంచి పాత భాగాన్ని కోసి తీయలేం కదా, మొత్తం టేపు మీద మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే. వాల్యూమ్ కూడా అంతే. ముందు అది రాయడం ముగించి ఫుల్ (నిండింది) లేదా యూజ్డ్ (ఇక రాయకూడదు) స్టేటస్‌కి రావాలి. చివరిసారి రాసిన సమయం నుంచి రిటెన్షన్ లెక్క మొదలవుతుంది. మీ వాల్యూమ్ మీద రోజూ రాస్తూనే ఉన్నారు కాబట్టి ఆ 30 రోజులు ఎప్పటికీ పూర్తి కావు. పరిమాణానికి హద్దు లేదు కనుక అది పెరుగుతూనే పోయింది.

మా ఆఫీసులో ఇలా ఆగిపోయిన జాబ్‌ని 13 రోజుల పాటు ఎవరూ గమనించలేదు. మెయిల్స్ వస్తున్నాయి, కానీ నేను తెరవడం మానేశాను. పద్నాలుగో రోజున అకౌంట్స్ వాళ్ల ఫోల్డర్ ఒకటి పొరపాటున డిలీట్ అయింది. జీఎస్టీ రిటర్న్ గడువు 20వ తేదీ, అప్పటికి నాలుగు రోజులే ఉంది. బిల్లుల కట్టలు ముందేసుకుని ముగ్గురు రాత్రుళ్లు కూర్చుని మళ్లీ ఎంట్రీ చేశారు. నేనూ వాళ్లతోపాటే కూర్చున్నాను. అందుకే మీ ప్రశ్న చూడగానే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక సెట్టింగుల సంగతి. పూల్‌లో, అంటే ఒకే నియమాలుండే వాల్యూమ్‌ల గుంపులో, మాక్సిమమ్ వాల్యూమ్ బైట్స్ (ఒక్కో వాల్యూమ్ గరిష్ఠ పరిమాణం) పెట్టి వాల్యూమ్‌లను చిన్న ముక్కలు చేయాలి. మాక్సిమమ్ వాల్యూమ్స్‌తో ఎన్ని ఉండాలో కట్టడి చేయాలి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది డిస్క్‌లో పట్టాలి. బాక్యులాతో వచ్చే నమూనా కాన్ఫిగ్‌లో ఫైల్ పూల్‌కి 50జీ, 100 వాల్యూమ్‌లు అని ఉంటుంది. అంటే 5,000జీ. మీ డిస్క్‌కి అది సరిపోదు. పైగా బాక్యులాలో "జీ" అంటే 1024 లెక్క, "జీబీ" అంటే 1000 లెక్క. 4 టీబీ డిస్క్ అంటే 3,725జీ మాత్రమే. డిస్క్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే అందులో 5 శాతం రూట్ యూజర్ (సిస్టమ్ అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. బాక్యులా వేరే యూజర్‌గా నడుస్తుంటే దానికి ఆ భాగం అందదు. మీ చేతికి వచ్చేది 3,500జీ లోపే అనుకోండి.

ఫుల్‌కి, ఇంక్రిమెంటల్‌కి వేర్వేరు పూల్స్ పెట్టండి. 30 రోజుల రిటెన్షన్‌తో ఐదు ఫుల్ బ్యాకప్‌లు ఎప్పుడూ డిస్క్‌లో ఉంటాయి, ఇంకొకదానికి చోటు కలిపితే ఆరు. ఒక్కో ఫుల్‌కి 8 చొప్పున 50జీ వాల్యూమ్‌లు 48, మొత్తం 2,400జీ. ఇంక్రిమెంటల్‌కి 20జీ చొప్పున 40 వాల్యూమ్‌లు, 800జీ. వీటికి వాల్యూమ్ యూజ్ డ్యురేషన్ 23 గంటలు పెట్టండి, ఏ రోజు వాల్యూమ్ ఆ రోజుతోనే ముగుస్తుంది. మొత్తం 3,200జీ. మిగిలింది ఊపిరి తీసుకోవడానికి. రీసైకిల్ (గడువు తీరిన వాల్యూమ్‌ని మళ్లీ వాడటం), ఆటోప్రూన్ (గడువు తీరిన రికార్డులను తానే తీసేయడం) రెండూ ఎస్ అని ఉండాలి. చోటు చాలట్లేదని పర్జ్ ఓల్డెస్ట్ వాల్యూమ్ జోలికి మాత్రం వెళ్లకండి, అది రిటెన్షన్‌ని కూడా లెక్కచేయకుండా పాతదాన్ని చెరిపేస్తుంది.

ఇక్కడే నేను ఇంకోసారి దెబ్బతిన్నాను. ఒక మంగళవారం ఫైల్‌సెట్‌లో (ఏవి బ్యాకప్ చేయాలో చెప్పే జాబితాలో) ఒక్క ఫోల్డర్ కలిపాను. ఫైల్‌సెట్ మారిందని ఆ రాత్రి ఇంక్రిమెంటల్ కాస్తా ఫుల్‌గా మారి, 400 జీబీ వచ్చి ఇంక్రిమెంటల్ పూల్‌లో పడింది. జాబ్‌లో ఫుల్ బ్యాకప్ పూల్, ఇంక్రిమెంటల్ బ్యాకప్ పూల్ అని విడివిడిగా రాసి ఉంటే అలా జరగదు. ఈ రెండు లైన్లు తప్పకుండా రాయండి.

కాన్ఫిగ్ మార్చి రీలోడ్ చేస్తే పని అయిపోదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పాత వాల్యూమ్‌లకు అవి పుట్టినప్పటి విలువలే క్యాటలాగ్‌లో (బాక్యులా తన లెక్కలు ఉంచుకునే డేటాబేస్‌లో) ఉంటాయి. కన్సోల్‌లో (బాక్యులాకి కమాండ్‌లు ఇచ్చే చోట) అప్‌డేట్ కమాండ్ ఇచ్చి ముందు "పూల్ ఫ్రమ్ రిసోర్స్", తర్వాత వాల్యూమ్ మెనూలో "ఆల్ వాల్యూమ్స్ ఫ్రమ్ పూల్" ఎంచుకోండి.

ఇప్పుడు ఆ 3.4 టీబీ ఫైల్ గురించి. దాన్ని ఆర్ఎమ్ కమాండ్‌తో డిలీట్ చేయకండి. ఫైల్ పోయినా క్యాటలాగ్ అది ఉందనే నమ్ముతుంది, రేపు రీస్టోర్ అడిగితే లేని ఫైల్ కోసం వెతుకుతుంది. అంతకన్నా ముఖ్యం, ఇప్పటికి మీకున్న బ్యాకప్ అంతా అందులోనే ఉంది. ఓ నెలన్నర కోసం ఇంకో 4 టీబీ డిస్క్ తెచ్చి పెట్టండి, అప్పుగా దొరికినా చాలు. కాన్ఫిగ్‌లో దానికి వేరే డివైస్, వేరే మీడియా టైప్ పేరు ఇవ్వండి, ఏ వాల్యూమ్ ఏ డిస్క్‌దో బాక్యులా వీటితోనే గుర్తిస్తుంది. రెండు డిస్క్‌లకు ఒకే మీడియా టైప్ ఉంటే రీస్టోర్ అప్పుడు తప్పు చోట వెతికే ప్రమాదం ఉంది. పాత వాల్యూమ్ స్టేటస్ యూజ్డ్‌గా మార్చి, కొత్త పూల్స్‌ని కొత్త డిస్క్ మీద మొదలుపెట్టండి.

కొత్త డిస్క్ మౌంట్ (సిస్టమ్‌కి జోడించడం) కాకముందే, దాన్ని మౌంట్ చేయబోయే ఖాళీ డైరెక్టరీకి ఛాట్ర్ కమాండ్‌తో ప్లస్ ఐ పెట్టండి, అప్పుడు ఆ డైరెక్టరీలో ఎవరూ కొత్త ఫైల్ రాయలేరు. కరెంటు పోయి వచ్చాక డిస్క్ మౌంట్ కాకపోతే బాక్యులా రూట్ పార్టిషన్‌ని నింపేయకుండా అక్కడే ఎర్రర్ ఇస్తుంది.

30 రోజులు దాటాక కొత్త ఫుల్ బ్యాకప్ నుంచి ఒక ఫోల్డర్ వేరే చోటికి రీస్టోర్ చేసి, ఫైళ్లు తెరిచి చూడండి. అవి బాగున్నాయని తేలాకే పాత వాల్యూమ్‌ని పర్జ్ చేయండి, అంటే క్యాటలాగ్‌లోంచి దాని రికార్డులు తీసేయండి. యాక్షన్ ఆన్ పర్జ్ విలువ ట్రంకేట్ (ఫైల్‌ని ఖాళీ చేయి) అని ఉంటే, ఆ తర్వాత ట్రంకేట్ కమాండ్ ఇచ్చినప్పుడు డిస్క్‌లో చోటు నిజంగా ఖాళీ అవుతుంది.