శ్రావణంలోనూ ఒక సెలవు రోజు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఇంటి ముందు గదిలోనే పదహారేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. శ్రావణం దగ్గర పడిందంటే రాత్రి పన్నెండు దాకా మిషను మీదే ఉంటాను. ఆదివారం కూడా ఎవరో ఒకరు కొలతలు ఇవ్వడానికి వస్తారు. ఈ మధ్య మిషను ముందు కూర్చోవాలంటేనే విసుగొస్తోంది. పోయిన వారం ఒకరి పట్టు జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపుకు కత్తిరించాను. ఆ కోపం మా అమ్మాయి మీద చూపించాను. కాసేపు నడుం వాల్చినా తప్పు చేసినట్టుంటుంది. పని తగ్గాక విశ్రాంతి తీసుకుందామంటే అది తగ్గడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, అది మీ చేతకానితనం కాదు. ఆ రోజు కత్తెర పట్టింది నిద్ర లేని చేయి.

మా నాన్నగారు చీరాలలో మగ్గం నేసేవారు. చీరకు ఇంత అని మజూరీ. నేయని రోజు డబ్బు లేదు. అయినా అమావాస్య నాడు మగ్గం గుంటలో దిగేవారు కాదు. పండగ ముందు షావుకారు మనిషి గుమ్మంలో నిలబడి తొందరపెడితే, "ఇవాళ అమావాస్య కదండీ" అనేవారు, అంతే. అతను మారు మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఆ రోజు వీధి పొడుగునా మగ్గం చప్పుడే ఉండేది కాదు. నాన్నగారు నాడెను గూట్లో పెట్టి, మధ్యాహ్నం వేపచెట్టు కింద నులకమంచం మీద నిద్రపోయేవారు. మగ్గం మీద చీర సగంలోనే ఉండేది. పూర్తయ్యాక పడుకుందామని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

మీరు మాత్రం పని తగ్గాక అంటున్నారు. శ్రావణం వెళితే దసరా, ఆ వెనకే పెళ్లిళ్లు. మీ సెలవును తేదీ నిర్ణయించాలి, మిగిలిన గుడ్డల మూట కాదు.

సోమవారం అనుకుందాం. రాబోయే మూడు నెలల సోమవారాలన్నిటికీ ఆర్డర్ల పుస్తకంలో ఇప్పుడే అడ్డగీత గీయండి. రోజుకు ఐదు జాకెట్లు మీ లెక్క అయితే, ముప్ఫై నిండగానే తర్వాతి వారం తేదీ చెప్పండి. కొందరు వేరే చోటికి వెళతారు, వెళ్లనివ్వండి. మొదటి నెల రాబడి కొంత తగ్గవచ్చు, ఆ మాట దాచను. కాజాలు, హుక్కులు, హెమ్మింగు తెలిసిన అమ్మాయికెవరికైనా జాకెట్టుకు ఇంత అని ఇవ్వండి. సోమవారం మిషను మీద దుప్పటి కప్పేయండి. ఇంట్లోనే ఉన్న మిషను కదా, కనబడుతుంటే చేయి ఊరుకోదు. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదికి లైటు ఆర్పేయండి.

ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, చేసే పని మీదే విముఖత, పనితనం తగ్గడం. ఈ మూడింటినీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్ అని నిర్వచించింది. జబ్బుగా కాదు, చాలాకాలంగా తగ్గని పని ఒత్తిడి ఫలితంగా. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. కానీ ఈ వయసులో రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే అలసట తెస్తాయి. కాబట్టి మొదటి సోమవారమే డాక్టరును కలిసి రక్తపరీక్ష చేయించుకోండి. రెండో సోమవారం మీ అమ్మాయికి ఇవ్వండి.

శ్రావణం వెళ్లాక, ఎన్ని సోమవారాలు నిలబెట్టుకున్నారో నాకు రాయండి.