మంగోలియా గడ్డిమైదానాల్లో మాంసం తప్ప ఏమీ దొరకదా?

"మేం మాంసం ముట్టం. మంగోలియా వెళ్తే పల్లెల్లో మాకు తినడానికి ఏమైనా దొరుకుతుందా?" అని అడిగారు. వేసవిలో వెళ్తే దొరుకుతుంది. మంగోలియాలోని దోర్నోగోవి రాష్ట్రంలో భారత్ ఇచ్చిన అప్పుతో కడుతున్న రిఫైనరీ పనిమీద నేను రెండేళ్లు అక్కడే ఉన్నాను. మంగోలియా అంటే మాంసమేనని చెప్పేవాళ్లు చలికాలంలో వెళ్లొచ్చి ఉంటారు, లేదా రాజధాని ఊలాన్‌బాతర్ దాటి ఉండరు. వేసవిలో అది అచ్చంగా పాడి దేశం. పాలవన్నీ తెల్ల తిండి, మాంసం ఎర్ర తిండి అని వాళ్లే విడదీసి చెప్తారు.

జూలైలో నాదమ్ పండగ సెలవులకి మా డ్రైవరు దుంద్‌గోవి రాష్ట్రంలో వాళ్లమ్మ ఉండే గుడారానికి తీసుకెళ్లాడు. గెర్ అంటారు దాన్ని. తలుపు పక్కనే నా నడుమెత్తు తోలు సంచి వేలాడుతోంది, అందులో పొడుగాటి కర్ర. ఆవిడ పలకరించి ఆ కర్ర నా చేతికిచ్చింది. లోపలికి వచ్చినవాళ్లు నాలుగు పోట్లు వెయ్యడం అక్కడి మర్యాద. నేను కవ్వం అనుకుని తిప్పబోయాను. ఆవిడ నా చేతుల మీద చేతులేసి, రోట్లో దంచినట్టు పైకీ కిందకీ ఆడించింది. పోటుపోటుకీ లోపల గుబుక్కుమంటోంది. మూతి దగ్గర పుల్లటి వాసన, మా అమ్మమ్మ చల్లకుండ వాసనే, దానికి కాస్త తోలు వాసన తోడు. ఇలా వేలసార్లు చిలికితే గుర్రం పాలు పులిసి ఐరాగ్ అవుతాయి. ఈ పద్ధతిని 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

సాయంత్రం పాలు తియ్యడం చూశాను. నేలబారున కట్టిన తాడుకి గుర్రప్పిల్లల్ని వరసగా కట్టేస్తారు, తల్లులు వాటిని వదిలి దూరం పోవు. ముందు పిల్లని వదిలి చేపించి, తర్వాత దాన్ని తల్లి పక్కనే పట్టుకుని పితుకుతారు. మనం ముందు దూడని వదలమూ? అలాగే. ఒక్కో విడత వచ్చేది కొంచెమే, అందుకే పగలంతా రెండేసి గంటలకోసారి పితుకుతూనే ఉంటారు.

క్యాంపుకొచ్చి చెప్తే మనవాళ్లే "గుర్రం పాలా, ఛీ" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మన వీధుల్లోకి గాడిదని తోలుకొస్తే ఉగ్గుగిన్నెడు పాలు కొని పసిపిల్లలకి పట్టమా? యూట్యూబు వాళ్లయితే మరీ ఘోరం. ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి, దాన్నే వీడియోకి బొమ్మగా వేస్తారు. గిన్నె అందించిన ముసలావిడ ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఆ మొహం ఆవిడ చూడదా?

ఇక మీ సంగతి. పాలని సన్నసెగ మీద కాచి, గరిటెతో ఎత్తిపోస్తూ నురగ తెప్పించి, రాత్రంతా కదపకుండా వదిలేస్తే పొద్దుటికి వేలెడు మందాన మీగడ కడుతుంది. ఒరోమ్ అంటారు. దాన్ని దోసె మడిచినట్టు మడిచి తీస్తారు. రొట్టె మీద వేసుకుని కాస్త పంచదార చల్లుకుంటే నాకు ఇంకే కూరా అక్కర్లేకపోయింది. గుడారం కప్పు మీద ఎండబెట్టిన ఆరూల్ పెరుగుబిళ్లలు రాయిలా ఉంటాయి, కొరక్కండి, బుగ్గన పెట్టుకోండి. టీలో పంచదార ఉండదు, ఉప్పేస్తారు. టీ అనుకోకుండా ఉప్పేసిన పల్చటి పాలనుకుని తాగండి, రెండో రోజుకి మీరే అడుగుతారు.

ఐరాగ్‌లో రెండు శాతం దాకా మత్తు ఉంటుంది, మందు ముట్టనివాళ్లకి ముందే చెప్తున్నా. మొదటిరోజు ఒక్క గిన్నెతో ఆపండి. నేను మూడు తాగాను, రాత్రంతా కడుపు కదిలింది. వద్దనుకుంటే గిన్నె తోసెయ్యకండి. కుడిచేత్తో అందుకుని, పెదవులకి తాకించి తిరిగివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు.